నాట్లు వేసే నడుముకు ఆక్యుపంక్చర్ సూది పనిచేస్తుందా?

మీరు రాసినదాన్ని బట్టి మీ అమ్మగారి వయసు 52. కనిగిరి దగ్గర పల్లెలో పుట్టి పెరిగి, పెళ్లయిన తర్వాత కోవూరు వైపు వచ్చి, రబీ పంటలోనూ ఎడగారు అనే రెండో పంటలోనూ వరినాట్లకు, కలుపుకు వెళుతున్నారు. ఎనిమిది నెలలుగా నడుము నొప్పి ఉంది. పొద్దున్నే లేచేటప్పుడు పట్టేసినట్టు ఉంటుంది, అప్పుడప్పుడు ఎడమ పిరుదు దాకా లాగుతుంది, మోకాలు మాత్రం దాటదు. ఎమ్మారైలో ఎల్4-ఎల్5 అనే నడుము వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు, అంటే డిస్కు, ఉబ్బిందని రాశారు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటున్నారు. ఈలోగా కల్యాణమండపంలో ఆక్యుపంక్చర్ శిబిరం పెట్టినవారు, 10 సిట్టింగులకు 6,000 రూపాయలు కడితే డిస్కు లోపలికి వెళ్లిపోతుందని, అప్పటిదాకా బీపీ మాత్రలతో సహా అన్ని మందులూ ఆపేయాలని చెప్పారు. వెళ్లమంటారా, వద్దంటారా అన్నది మీ ప్రశ్న.

నేను ఫిజియోథెరపిస్టును. మొదట ఒంగోలులో, తర్వాత నెల్లూరులో చాలా ఏళ్లుగా ఎక్కువగా నడుము నొప్పి ఉన్నవారినే చూస్తున్నాను. వారిలో ఆక్యుపంక్చర్ చేయించుకుని నా దగ్గరికి వచ్చినవారు ఉన్నారు, నేనే ఆక్యుపంక్చర్‌కు పంపినవారూ ఉన్నారు. ఆ అనుభవంతో, ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు చదివిన మేరకు చెబుతున్నాను: ఆ శిబిరానికి పంపకండి. అయితే ఆక్యుపంక్చర్‌నే వద్దనడం లేదు. నొప్పికి కారణం ఏమిటో ముందు తేల్చుకుని, శిక్షణ ఉన్నవారి దగ్గరకు వెళితే అది మీ అమ్మగారికి కొంత మేలు చేయవచ్చు. ఆ మేలు కొన్ని వారాలో కొన్ని నెలలో నొప్పిని తగ్గించేంత వరకే. నొప్పి తగ్గిన ఆ కాలంలో ఆమె నడుమును మళ్లీ కదిలించి బలపరిస్తేనే పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుంది. ఊరికే సూదులు పెట్టించుకుని వచ్చి మంచం మీద పడుకుంటే, సిట్టింగులు అయిపోయిన కొన్నాళ్లకు మళ్లీ మొదటికే వస్తారు.

ముందుగా చూడవలసింది, ఈ నొప్పి సూదికి గాని వ్యాయామానికి గాని వదిలిపెట్టదగినదా కాదా అన్నది. మూత్రం బిగుసుకుపోవడం గాని తెలియకుండా పోవడం గాని, మలవిసర్జన మీద అదుపు తప్పడం, కూర్చునే చోట తొడల మధ్య తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోవడం, పాదం ఎత్తలేక చెప్పు జారిపోవడం, ఈ లక్షణాల్లో ఏది కనిపించినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. నెల్లూరులోను, ఒంగోలులోను ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఎముకల విభాగం ఉంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గకుండా రాత్రంతా బాధించే నొప్పి ఉంటే వెన్నెముక క్షయ గురించి, గతంలో క్యాన్సర్ వచ్చి ఉంటే అది ఎముకకు పాకిందేమో అన్న దాని గురించి ఆలోచించాలి. నెలసరి ఆగిపోయిన వయసులో చిన్నగా జారిపడినా వెన్నుపూస నలిగి విరగవచ్చు కాబట్టి, నొప్పి అలా మొదలైతే ఎక్స్‌రే తప్పనిసరి. మీరు రాసిన లక్షణాల్లో ఇవేవీ కనిపించడం లేదు, అయినా ఆమెను ఒక్కసారి సూటిగా అడగండి. మూత్రం సంగతి, తొడల మధ్య తిమ్మిరి సంగతి మన ఆడవాళ్లు కొడుకులతో చెప్పుకోరు. అక్కో చెల్లెలో అడిగితే చెబుతారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాట కనిగిరి. మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువైన నీటి వల్ల వచ్చే ఎముకల జబ్బు గురించిన తొలి వివరమైన నివేదిక 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వచ్చింది. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెల్లో నడుము, మెడ కొయ్యబారిపోయిన మనుషులను పరీక్షించి, కారణం బావినీటిలోని ఫ్లోరైడ్ అని రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. ఫ్లోరోసిస్ నివారణకు కేంద్రం 2008-09లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ఎంపికైన తొలి జిల్లాల్లో నెల్లూరు కూడా ఉంది. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్లు చిన్నతనం నుంచి తాగినవారికి పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు గట్టిపడి, వాటిని పట్టి ఉంచే బంధనాల్లో సున్నం పేరుకుని, వెన్ను వంగడం మానేస్తుంది. మొదట్లో అది మామూలు నడుము నొప్పిలాగే, పొద్దున్నే పట్టేసినట్టే ఉంటుంది.

అందుకని ఇంట్లోనే మూడు సంగతులు చూడండి. ఆమె గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా, మోకాళ్లు వంచకుండా వంగి పాదాల దాకా చేతులు చాచగలరా, రెండు అరచేతులనూ తల వెనక్కు చేర్చగలరా? ఇప్పటికీ వంగి నాట్లు వేస్తున్నారంటే వెన్ను పూర్తిగా బిగుసుకోలేదనే అనుకోవచ్చు. కానీ ఈ మూడింటిలో ఏదైనా కష్టమైతే, పళ్ల మీద చారలు కూడా ఉంటే, నడుముతో పాటు ముంజేతికి కూడా ఎక్స్‌రే తీయించి, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష చేయించమని డాక్టరుగారిని అడగండి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొరలో సున్నం కనిపిస్తే జబ్బు పేరు దాదాపు తేలిపోయినట్టే. ఫ్లోరోసిస్ ఉన్నవారికి సూది నొప్పిని కాస్త మరిపించవచ్చునేమో గాని, ఎముకలో చేరినదాన్ని తీయలేదు. అక్కడ అసలు చికిత్స నీళ్లు మార్చడం. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన మేరకు మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. ఈ మాట ప్రతి ఇంటికీ తెలియాలని నా కోరిక. ఇప్పటికీ కాచిన నీళ్లే కదా తాగుతున్నాం అని ధైర్యంగా చెప్పేవారు వస్తూనే ఉన్నారు.

ఇక డిస్కు సంగతి. ఎమ్మారైలో ఉబ్బు ఉందని చూడగానే ఇల్లంతా భయపడుతుంది, ఆ భయం మీదనే సగం వ్యాపారం నడుస్తుంది. ఏ నొప్పీ లేని మనుషులకు తీసిన స్కానింగులన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. నొప్పి లేని 20 ఏళ్లవారిలోనే 30 శాతం మందికి డిస్కు ఉబ్బు ఉంది, 50 ఏళ్లవారిలో అది 60 శాతం. అంటే మీ అమ్మగారి ఈడు ఆడవారిని పదిమందిని నొప్పి లేకుండానే స్కానింగు చేసినా, ఆరుగురి రిపోర్టులో ఇదే వాక్యం రావచ్చు. నొప్పి మోకాలు దాటి పాదం దాకా మంటలా దిగడం, కాలిలో బలం తగ్గడం లేవు కాబట్టి, ఆ ఉబ్బు నరాన్ని గట్టిగా నొక్కుతోందని అనుకోవడానికి మీరు రాసినదాంట్లో ఆధారం లేదు. ఆ ఉబ్బును సూది లోపలికి పంపలేదు. సన్నటి సూది కండలో కొద్ది లోతు వరకే దిగుతుంది, డిస్కును తాకనైనా తాకదు. డిస్కులో బయటికి వచ్చిన భాగం చాలామందిలో కొన్ని నెలల్లో శరీరమే కరిగించుకుంటుంది. ఆ సమయంలో ఏ చికిత్స నడుస్తుంటే దానికి పేరు వస్తుంది.

మరి ఆక్యుపంక్చర్‌లో చేసేది ఏమిటి? పావు మిల్లీమీటరు మందం ఉండే, లోపల బోలు లేని ఉక్కు సూదులను పదో పదిహేనో తీసుకుని, నడుములో వెన్నెముకకు ఇరువైపులా, పిరుదులో, మోకాలి వెనుక మడతలో, చీలమండ వెనుక గుచ్చి, 20 నుంచి 30 నిమిషాలు ఉంచుతారు. ఇంజెక్షన్ సూది లాగా గుచ్చుకోదు. లోపల బరువుగా, లాగినట్టుగా ఒక నొప్పి తెలుస్తుంది, అది తెలిస్తేనే సూది సరిగా పడినట్టు వారి శాస్త్రం. కొందరు సూదులకు స్వల్ప విద్యుత్తు కూడా ఇస్తారు. ఒంట్లో ప్రాణశక్తి నాడుల వెంట ప్రవహిస్తుందని, అడ్డుపడిన చోట సూది దాన్ని విడిపిస్తుందని చైనా సంప్రదాయం చెబుతుంది. శవపరీక్షలో గాని సూక్ష్మదర్శినిలో గాని ఆ నాడులు కనబడలేదు. అయితే గుచ్చినప్పుడు శరీరం ఎండార్ఫిన్‌ల వంటి నొప్పి తగ్గించే పదార్థాలను విడుదల చేస్తుందనడానికి 1970ల నుంచి ప్రయోగాలు ఉన్నాయి. వాటిని అడ్డుకునే నాలోక్సోన్ అనే మందు ఇచ్చినప్పుడు సూది వల్ల వచ్చిన ఉపశమనం తగ్గింది. మన దేశానికి ఈ విద్యను తెచ్చినవారు, 1938లో యుద్ధంలో ఉన్న చైనాకు సాయంగా డాక్టర్ కోట్నీస్‌తో పాటు వెళ్లిన భారతీయ వైద్య బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు. ఆయన 1959లో కలకత్తాలో దీన్ని మొదలుపెట్టారు.

పనిచేస్తుందా అన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే జర్మనీలో జరిగిన ఒక పెద్ద పరిశోధనను కాస్త వివరంగా చెప్పాలి. 2007లో ప్రచురితమైన ఆ పరిశోధనలో దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 1,162 మందిని మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి సంప్రదాయం చెప్పిన చోట్ల సూదులు గుచ్చారు. రెండో భాగానికి ఉత్తుత్తి చికిత్స, అంటే బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చారు, ఏది అసలు ఏది ఉత్తుత్తి అన్నది రోగికి తెలియదు. మూడో భాగానికి మాత్రలు, ఫిజియోథెరపీ, వ్యాయామం కలిపిన మామూలు చికిత్స ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే చెప్పుకోదగిన మేలు కలిగినవారు మొదటి భాగంలో 47.6 శాతం, ఉత్తుత్తి భాగంలో 44.2 శాతం, మామూలు చికిత్సలో 27.4 శాతం. అమెరికాలో 638 మంది మీద జరిగి 2009లో వెలువడిన మరో పరిశోధనలో, ఒక బృందానికి సూదికి బదులు గొట్టంలోంచి పళ్లు కుట్టుకునే పుల్లతో చర్మాన్ని తాకి వదిలేశారు. వారికి కూడా నిజం సూది పడినవారితో దాదాపు సమానంగానే మేలు జరిగింది. ఏ సూదీ ఏ పుల్లా లేనివారు మాత్రం వెనకబడ్డారు.

ఈ ఫలితాలను ఒకే మాటగా తేల్చడం కష్టం, పెద్ద సంస్థలే తేల్చలేకపోయాయి. 33 పరిశోధనలను, 8,270 మంది రోగులను కలిపి చూసిన 2020 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, ఉత్తుత్తి సూదితో పోలిస్తే అసలు సూది వల్ల రోగికి తెలిసేంత అదనపు తేడా రాకపోవచ్చునని, ఏ చికిత్సా లేకపోవడంతో పోలిస్తే మాత్రం ఉపశమనం ఉందని చెప్పింది. ఇంగ్లండులో ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2009లో 10 సిట్టింగుల వరకు ఇవ్వవచ్చునని చెప్పి, 2016లో ఇవ్వవద్దని మార్చుకుంది. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే అమెరికా వైద్యుల సంఘం, 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, దీర్ఘకాలపు నడుము నొప్పికి ఇవ్వదగిన వాటిలో దీన్ని చేర్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పత్రంలో నడుము బెల్టులను, లాగే ట్రాక్షన్‌ను రోజువారీ చికిత్సగా వద్దన్నది. మన దగ్గర ఈ రెండూ ఇంకా విరివిగా నడుస్తున్నాయి కాబట్టి చెబుతున్నాను.

నాకు అర్థమైనది ఇది. సూది ఏ బిందువులో పడిందన్నది పెద్ద విషయం కాదు. ఒకరు శ్రద్ధగా వినడం, అరగంట కదలకుండా పడుకోబెట్టి చేతితో తాకి చూడడం, గుచ్చడం వల్ల శరీరంలో కలిగే స్పందన, తగ్గుతుందన్న నమ్మకం అన్నీ కలిసి నొప్పిని తగ్గిస్తున్నాయి. కారణం ఏదైనా, తగ్గిన నొప్పి రోగికి నిజంగా తగ్గినట్టే. పరిశోధనలో సూది, ఉత్తుత్తి సూది సమానమయ్యాయి కాబట్టి అంతా మోసమని కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. రోజూ డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసుకుని కడుపులో పుండు తెచ్చుకున్నవారిని, బీపీ ఉన్నా ఆ మాత్రలు మానలేక కిడ్నీ పరీక్షల్లో క్రియాటినిన్ పెరిగినవారిని, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నవారిని చూశాను. అలాంటివారికి మాత్ర మానిపించడానికి ఆరు వారాల ఊరట దొరికితే అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఆ శిబిరాన్ని ఎందుకు వద్దన్నానో చెబుతాను. బీపీ మాత్రలు ఆపమన్నవారి దగ్గరకు ఏ చికిత్సకూ పంపకూడదు. నడుము నొప్పికి, బీపీ మాత్రకు ఏ సంబంధమూ లేదు. మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది, పెరిగినట్టు తెలియదు, తెలిసేసరికి పక్షవాతమో గుండెపోటో కావచ్చు. షుగరు ఉన్నవారికి ఇన్సులిన్ ఆపమని చెప్పేవారిని గురించీ విన్నాను, అది ప్రాణాల మీదికి తెచ్చే సలహా. మానుకోవలసినది ఏదైనా ఉంటే షాపులో అడిగి తెచ్చుకుంటున్న ఆ నొప్పి మాత్ర. రోజూ వేసుకునే ఆ మాత్ర బీపీని పెంచుతుంది, బీపీ మందు పనిని తగ్గిస్తుంది. దాన్ని కూడా మీ డాక్టరుగారితో మాట్లాడి, ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించి మానిపించండి. పేరు లేని పొట్లాల్లో పొడి మందు ఇస్తే అసలు తీసుకోవద్దు. అలాంటి వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉండవచ్చు, అది రెండు రోజుల్లో నొప్పిని మాయం చేసి ఎముకను గుల్ల చేస్తుంది.

సూది వల్ల హాని తక్కువే, పని తెలిసినవారు చేస్తే. జర్మనీలో 2,29,230 మంది రోగులను గమనించిన నివేదిక 2009లో వచ్చింది. 8.6 శాతం మందికి కాస్త రక్తం కారడం, కమిలిపోవడం, నొప్పి, కళ్లు తిరగడం వంటివి కలిగాయి. ఊపిరితిత్తికి సూది తగిలి గాలి చేరిన సంఘటనలు రెండు. ఈ లెక్క శిక్షణ పొందిన వైద్యుల చేతుల్లోది, కల్యాణమండపంలోది కాదు. ఒకరికి వాడిన సూది మరొకరికి వాడితే హెపటైటిస్ బి, హెచ్‌ఐవీ సోకుతాయి. అందుకని మీ కళ్ల ముందు మూసి ఉన్న పొట్లం చించి కొత్త సూదులు తీయాలి, వాడినవి గట్టి డబ్బాలో వేయాలి, పెట్టినన్ని తీశారో లేదో లెక్కపెట్టాలి. ఈ మూడింటిలో ఏది జరగకపోయినా లేచి వచ్చేయండి. క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

ఎవరి దగ్గరకు వెళ్లాలి? కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను చికిత్సా పద్ధతిగా గుర్తించింది, మహారాష్ట్రలో దానికి ప్రత్యేక చట్టం కూడా ఉంది. అయినా గోడ మీద వేలాడే సర్టిఫికెట్ చాలాసార్లు కొద్దిరోజుల శిక్షణదే ఉంటుంది. ఆక్యుపంక్చర్ సర్టిఫికెట్ కన్నా ముందు ఆ మనిషి అసలు చదువు ఏమిటో అడగండి. ఎంబీబీఎస్ గాని, ఐదున్నరేళ్ల ప్రకృతి వైద్య పట్టా బీఎన్‌వైఎస్ గాని, ఫిజియోథెరపీ గాని చదివి, ఆపైన సూది నేర్చుకున్నవారైతే ప్రమాద లక్షణాలను గుర్తుపట్టగలరు. మీ ఎమ్మారై చూడకముందే, ఆమెను పడుకోబెట్టి కాలు ఎత్తి చూడకముందే ప్యాకేజీ ధర చెప్పేవారిని నమ్మవద్దు. డబ్బు ఏ సిట్టింగుకు ఆ సిట్టింగుకే కట్టండి.

సిట్టింగులు వారానికి రెండు చొప్పున ఆరు చేయించి ఆగి చూడండి. అప్పటికి పొద్దున లేవడం, బిందె ఎత్తడం, అరగంట నిలబడడం ఈ మూడింటిలో ఒక్కటైనా తేలిక కాకపోతే ఏడోదానికి డబ్బు పెట్టవద్దు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా 2020 నుంచి ఇదే పద్ధతి పెట్టుకుంది. 90 రోజుల్లో 12 సిట్టింగులకు డబ్బు ఇస్తుంది, మేలు కనిపిస్తేనే మరో ఎనిమిది, సంవత్సరానికి 20కి మించి లేదు.

మొదటి సిట్టింగు నాటి నుంచే నడక మొదలుపెట్టించండి. నడుము నొప్పి తగ్గినవారు 701 మందితో ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధన 2024లో వచ్చింది. నడకను క్రమంగా వారానికి ఐదుసార్లు, అరగంట దాకా పెంచుకున్నవారికి నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పడితే, అలాంటి నడక కార్యక్రమం లేనివారికి 112 రోజులే పట్టింది. మీ అమ్మగారు పొలానికి నడుస్తున్నారు కదా అనుకోవద్దు, బరువు లేకుండా, చేతులు ఊపుకుంటూ నడిచే నడక వేరు. మొదటి వారం పది నిమిషాలు చాలు. దానితో పాటు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకి ఎత్తి దించడం, బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ ఎత్తి కొద్దిసేపు ఉండడం పూటకు పదేసి సార్లు చేయించండి. చేసేటప్పుడు నడుములో కాస్త నొప్పి ఉన్నా భయం లేదు. నొప్పి కాలిలోకి దిగుతుంటే ఆపి ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

నాట్లు మానేయమని నేను చెప్పను, ఆ కూలి మీద ఇల్లు నడుస్తుందని నాకు తెలుసు. వచ్చే నాట్లకు కనీసం ఆరు వారాల ముందు ఈ వ్యాయామం మొదలవ్వాలి. నాట్లలో ఉన్నప్పుడు అరగంటకు ఒకసారి గట్టు మీదికి రాకపోయినా ఫర్వాలేదు, ఉన్నచోటనే నిటారుగా నిలబడి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, నాలుగైదుసార్లు వెనక్కు వంగాలి. ముఠా మేస్త్రితో మాట్లాడి, పూటంతా నాటడమే కాకుండా కొంతసేపు నారు అందించే పనికి మార్చుకుంటే నడుముకు విరామం దొరుకుతుంది. నారు కట్టలు ఒకేసారి మోపెడు ఎత్తకుండా రెండు విడతలుగా తేవాలి. ఆ పని మార్పిడికి మేస్త్రి ఒప్పుకోవడానికి మీరు స్వయంగా వెళ్లి అడగడం మంచిది, ఆమె తనంతట తాను అడగరు.